యూనివర్సిటీ ఎనిమల్ హౌస్ చూడాలంటే ఏం చేయాలి?

నలభై మంది పిల్లల్ని బస్సెక్కించుకుని వెళ్ళి, గేటు బయటే పులిహోర పొట్లాలు విప్పుకుని తిని, వెనక్కి వచ్చేసిన టీచర్ని నేను. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. చేతిలో పర్మిషన్ లెటర్ ఉంది. కానీ అందులో "మీ సంస్థను సందర్శించుటకు" అని రాశానే గానీ ఎనిమల్ హౌస్, అంటే ప్రయోగాల కోసం జంతువులను ఉంచే భవనం, అన్న మాటే లేదు. సెక్యూరిటీ ఆయన లోపలికి ఫోన్ చేశాడు, వాళ్ళు కుదరదన్నారు. ఇందులో వాళ్ళ తప్పేం లేదు, లెటర్ రాసింది నేనే. తర్వాత రెండుసార్లు సరిగ్గా అడిగి లోపలికి వెళ్ళాను. ఎవరిని అడగాలి, ఎలా అడగాలి, లోపల ఎలా మసలాలి అన్నది ఆ మూడు ప్రయాణాల్లో తెలిసొచ్చింది.

ఇలా వెళ్ళి చూసే అవసరం ఇప్పుడు పెరిగిందనే అనుకుంటున్నాను. డిగ్రీ, పీజీ జువాలజీలో జంతువులను కోయడం ఆపించేందుకు యూజీసీ 2011లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2014లో పూర్తిగా ఆపేయమంది. మంచిదే. అయితే కప్పను కూడా ముట్టుకోకుండా డిగ్రీ పూర్తిచేసిన పిల్లలు, మందుల పరిశోధనలో జంతువుల పాత్ర గురించి వాట్సాప్‌లో వచ్చిందే నమ్ముతున్నారు. అటు "అంతా హింసే" అనేవాళ్ళూ ఇటు "అంతా బ్రహ్మాండం" అనేవాళ్ళూ ఒక్కసారి వెళ్ళి చూసినవాళ్ళు కారు.

ముందు ఏం చూడాలో తేల్చుకోండి

జంతువులతో పనిచేసే చోట్లు అన్నీ ఒకటి కావు. పశువైద్య విశ్వవిద్యాలయాల పశువుల ఫారాలు అన్నిటికన్నా సులువు. రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు పేరున్న తెలంగాణ వెటర్నరీ యూనివర్సిటీ, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. గుంటూరు దగ్గర లాం ఫారంలో ఒంగోలు జాతి పశువుల మీద పరిశోధన జరుగుతుంది. ఇలాంటి చోట్లకు రైతులు వస్తూపోతూనే ఉంటారు, చిన్నపిల్లలున్నా పెద్దగా అభ్యంతరం ఉండదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మీ ఊళ్ళో గేదెలకు గాలికుంటు సోకి ఉంటే వెళ్ళకండి. ఆ వైరస్ చెప్పులకూ బట్టలకూ అంటుకుని వస్తుంది. గేటు దగ్గర మందునీళ్ళ తొట్టి పెట్టేది అందుకే. దాని పక్కనుంచి దాటేసి వెళ్ళేవాళ్ళను చూశాను, అలా చేయకండి.

రెండోది అసలు ఎనిమల్ హౌస్. తెల్ల ఎలుకలు, చిట్టెలుకలు, గినీ పందులు, కుందేళ్ళు ఉండే భవనం. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలాంటి విశ్వవిద్యాలయాలతో పాటు ఫార్మసీ కాలేజీలు, మెడికల్ కాలేజీలు చాలావాటికి సొంత ఎనిమల్ హౌస్ ఉంటుంది. హబ్సిగూడలో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, అంటే మనం ఎన్ఐఎన్ అనేది, విశ్వవిద్యాలయాలు కావు. కానీ ఈ రంగంలో మన దగ్గర పెద్ద పేర్లు అవే. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన ఎన్ఐఎన్‌లో పుట్టుకతోనే విపరీతంగా లావెక్కే ప్రత్యేకమైన ఎలుకల జాతులు ఉన్నాయి. ఊబకాయం మీద పరిశోధనలో వాటిని వాడతారు.

మూడోది కోతులు, కుక్కలు ఉండే విభాగాలు. వాటి మీద ఆశ పెట్టుకోకండి. మన దగ్గు, జలుబు, క్షయ కోతులకు అంటుకుంటాయి, వాటి వైరస్‌లలో కొన్ని మనకు ప్రాణాంతకం. ఉద్యోగులకే రకరకాల పరీక్షలయ్యాక గానీ ప్రవేశం ఉండదు.

అడగడానికి ముందు ఒక చిన్న తనిఖీ

మన దేశంలో జంతువుల మీద ప్రయోగాలు చేసే ఏ సంస్థ అయినా కేంద్ర కమిటీ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కమిటీ అది. చాలాకాలం సీపీసీఎస్ఈఏ అనేవారు, ఇప్పుడు సీసీఎస్ఈఏ అంటున్నారు, పాత పేరే అలవాటైపోయి ఇప్పటికీ చాలామంది అదే వాడతారు. కమిటీ వెబ్‌సైట్లో మీరు వెళ్ళాలనుకున్న సంస్థ పేరు వెతకండి. అడిగేటప్పుడు రిజిస్ట్రేషన్ నంబరు మీకు ముందే తెలిసుంటే అవతలివాళ్ళు మిమ్మల్ని చూసే తీరు మారుతుంది. ఏదో తెలుసుకుని వచ్చారన్న గౌరవం వస్తుంది.

ఆ సంస్థలో ఎథిక్స్ కమిటీ కూడా ఉంటుంది. ఐఏఈసీ అంటారు. ఎలుకలు, కుందేళ్ళలాంటి చిన్న జంతువుల ప్రయోగానికి అనుమతి ఇచ్చేది ఇదే. పెద్ద జంతువులైతే ఢిల్లీలోని ఆ కేంద్ర కమిటీ దాకా వెళ్ళాలి. ఈ ఐఏఈసీ పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పని పడుతుంది.

లెటర్ ఎవరికి, ఎలా

డైరెక్టరుకో రిజిస్ట్రారుకో రాయండి, కాపీ ఎనిమల్ హౌస్ ఇన్‌చార్జికి పెట్టండి. కాపీయే ముఖ్యం. పై ఆఫీసరు సంతకం లేకపోతే గేటు తెరుచుకోదు, ఇన్‌చార్జికి ఇష్టం లేకపోతే ఎనిమల్ హౌస్ తలుపు తెరుచుకోదు. ఇన్‌చార్జి సాధారణంగా వెటర్నరీ డాక్టరే అయి ఉంటారు. వీలైతే ముందు ఒకసారి వెళ్ళి కలిసి రండి. ఫోన్లో ఒప్పుకోనివాళ్ళు ఎదురుగా కూర్చుంటే టీ తాగించి మరీ మాట్లాడతారు.

లెటర్లో ఎంతమంది వస్తున్నారు, ఎవరు, వయసెంత, ఎందుకు చూడాలనుకుంటున్నారు అన్నవి ఉండాలి. "ఎనిమల్ హౌస్ చూడాలి" అని సూటిగా రాయండి. గదుల్లోకి వెళ్ళనివ్వకపోతే కారిడార్ అద్దంలోంచి చూపించినా చాలు అని కలపండి. ఈ ఒక్క వాక్యంతోనే నాకు రెండోసారి పని జరిగింది. ఫొటోలు తీయమని, అందరం చెప్పిన బట్టలు వేసుకుంటామని రాసి, రెండుమూడు తేదీలు ఇవ్వండి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళను చేర్చకపోవడం మంచిది. ఎక్కువమంది ఉంటే ఐదారుగురి జట్లుగా వస్తామనండి. నలభై మంది అని రాస్తే చదివినవాళ్ళకు బస్సు కనిపిస్తుంది, వెంటనే "కుదరదు" అనేస్తారు. అనుభవంతో చెబుతున్నాను.

కనీసం నెల ముందు రాయండి. పదిహేను రోజులకు జవాబు రాకపోతే గుర్తుచేయండి, మొహమాటం వద్దు.

మామూలు పౌరులైతే, అంటే మీ వెనక కాలేజీ లెటర్‌హెడ్ లేకపోతే, ఓపెన్ డే కోసం చూడటం తేలిక దారి. ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం, సెప్టెంబరు 26న కేంద్ర ప్రభుత్వ పరిశోధనశాలలను నడిపే సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం. ఈ రోజుల చుట్టుపక్కల చాలా ప్రయోగశాలలు తలుపులు తెరుస్తాయి. ఓపెన్ డే రోజున ఎనిమల్ హౌస్ చూపించడం అరుదే. కానీ ఆ భవనంలో పనిచేసేవాళ్ళు స్టాల్ దగ్గర నిలబడి ఉంటారు. వాళ్ళతో పది నిమిషాలు మాట్లాడి, "విడిగా ఒకరోజు రావచ్చా?" అని అడగండి. మా చెల్లెలి కూతురు అలాగే సాధించింది.

వద్దన్నారని కోప్పడకండి

లోపలి చిట్టెలుకలు చాలాచోట్ల కొన్ని రకాల రోగకారక క్రిములు సోకకుండా పెంచినవి. వాటికి బయటి ఎలుకల జబ్బు ఒక్కటి అంటుకుంటే గదికి గది ఖాళీ చేయాల్సి రావచ్చు, ఏళ్ళ పని పోతుంది. అందుకే చాలాచోట్ల వేరే ఎలుకలు ఉన్న చోటికి వెళ్ళొచ్చి రెండుమూడు రోజులు గడవందే రానివ్వరు. ఇంట్లో హామ్‌స్టర్ పెంచుతుంటే తప్పకుండా చెప్పండి. ఇక మన వంటింటి ఎలుకల సంగతి అడిగారనుకోండి, నిజం చెప్పి తలస్నానం చేసి, ఉతికిన బట్టలతో వెళ్ళండి.

మనకూ ప్రమాదం ఉంది. ఎలుకల మూత్రంలోని ప్రొటీన్లు కొందరికి గట్టి ఎలర్జీ. తుమ్ములతో మొదలై ఆయాసం దాకా వెళుతుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు ముందే చెప్పండి, ఇన్‌హేలర్ దగ్గర ఉంచుకోండి.

వెళ్ళే రోజు

అత్తరు, సెంటు, ఘాటైన తలనూనె వద్దు. మల్లెపూలు కూడా. మాతో వచ్చిన ఒకమ్మాయి పూలు తీసి సెక్యూరిటీ దగ్గర పెట్టి వెళ్ళింది. ఎలుకలకు లోకమంతా వాసనే. 2014లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధనలో తేలిందేమిటంటే, గదిలో మగవాళ్ళుంటే వాళ్ళ ఒంటి వాసనకే ఎలుకలు, చిట్టెలుకలు ఒత్తిడికి లోనవుతాయట, నొప్పికి స్పందించే తీరే మారిపోతుందట. అదే ఆడవాళ్ళుంటే ఆ తేడా రాలేదు. ఇది చెప్పగానే మా బ్యాచ్‌లో మగపిల్లల మొహాలు చూడాల్సింది.

తాళంచెవుల గుత్తి, గలగలలాడే గాజులు బయటే వదిలేయండి. తాళంచెవుల చప్పుడులో మన చెవికి అందని పైస్థాయి శబ్దం ఉంటుంది, ఎలుకలకు అది అరుపులా వినిపిస్తుంది. ఫోన్ కూడా లాకర్లో పెట్టమంటారు. ఆధార్ కార్డు ఒరిజినల్ తీసుకెళ్ళండి. దగ్గు, జలుబు, కళ్ళకలక ఉంటే ఆరోజు మానుకోండి, మళ్ళీ అడగొచ్చు.

లోపల గౌను, టోపీ, మాస్కు, చేతులకు గ్లవ్స్, కాళ్ళకు తొడుగులు ఇస్తారు. కొన్నిచోట్ల గాలి గట్టిగా కొట్టే చిన్న గదిలో అరనిమిషం నిలబెడతారు. శుభ్రమైన కారిడార్ ఒకటి, మురికి కారిడార్ ఒకటి ఉంటాయి. ఒకసారి మురికివైపు వెళితే వెనక్కి రాకూడదు. కాబట్టి ఏదైనా మళ్ళీ చూడాలనిపిస్తే అక్కడున్నప్పుడే అడగండి. కేజ్ మీద వేలితో తట్టడం, చేతులు లోపల పెట్టడం చేయకండి, మెల్లగా మాట్లాడండి.

లోపల కళ్ళు ఎక్కడ పెట్టాలి

మొదటిసారి వెళ్ళినవాళ్ళకు రెండే గుర్తుంటాయి, వాసనా, తెల్లటి ఎలుకలూ. అంత కష్టపడి వెళ్ళినందుకు కాస్త ఓపిగ్గా చూడండి.

ముందు గది. గోడ మీద ఉష్ణోగ్రత, తేమ చూపించే మీటరు ఉంటుంది. కమిటీ మార్గదర్శకాల ప్రకారం 18 నుంచి 29 డిగ్రీల మధ్య, తేమ 30 నుంచి 70 శాతం మధ్య ఉండాలి. పక్కనే రోజూ రాసే చార్టు ఉంటుంది. నిన్నటి, మొన్నటి అంకెలు చూడండి. మే నెల మధ్యాహ్నం కూడా రోజూ ఒకే అంకె ఉందంటే, అది మీటరు చూసి రాసిందో కుర్చీలో కూర్చుని రాసిందో మీరే ఊహించుకోవచ్చు. లైట్లు సాధారణంగా పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటిగా టైమర్ మీద నడుస్తాయి.

తర్వాత ముక్కు. ఎలుకల వాసన ఉండటం సహజం. మూత్రపు ఘాటుకు కళ్ళు మండుతుంటే మాత్రం పక్క మార్చడం ఆలస్యమైందని, లేదా గాలి సరిగా ఆడట్లేదని అర్థం. కింద పరిచేది ఊక కావచ్చు, పొడి చేసిన మొక్కజొన్న బెండు కావచ్చు. తడిసి ముద్దైందా, పొడిగా ఉందా చూడండి.

ప్రతి కేజ్‌కూ ఒక కార్డు వేలాడుతుంది. జాతి, ఆడా మగా, పుట్టిన తేదీ, ఏ పరిశోధకుడివి, ఐఏఈసీ అనుమతి నంబరు ఏమిటి అన్నవి అందులో ఉంటాయి. కార్డు లేని కేజ్ కనిపిస్తే మర్యాదగా అడగండి.

ఇక జంతువులు. పగలు ఎలుకలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంటే జబ్బు చేశాయనుకోకండి, అవి రాత్రి తిరిగే జీవులు. ఎలుక కళ్ళ చుట్టూ ఎర్రటి మరక చూసి మా పిల్లల్లో ఒకడు "మేడమ్, రక్తం!" అని కేకేశాడు. అది రక్తం కాదు, కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే ఎర్రటి ద్రవం. అలాగని పట్టించుకోకుండా వదిలేసేదీ కాదు, ఒత్తిడిలోనో అనారోగ్యంలోనో ఉన్న ఎలుకకు అది ఎక్కువగా వస్తుంది. చిట్టెలుకల మీసాలు కత్తిరించినట్టు పోయి ఉంటే పక్కనున్నదే పీకేసిందని. ఒకే చోట గుండ్రంగా తిరుగుతూనే ఉన్న జంతువు, ఒంటరిగా ఒక్కటే ఉన్న జంతువు కనిపిస్తే కారణం అడగండి. కారణం ఉండొచ్చు, మగవి కొట్టుకుంటే విడదీస్తారు. గూడు కట్టుకోవడానికి కాగితం ముక్కలో, దూరడానికి గొట్టమో ఇచ్చారా చూడండి. తిండీ నీళ్ళూ అందరూ పెడతారు, ఇవి పెట్టేవాళ్ళు నిజంగా పట్టించుకునేవాళ్ళు.

మీరు అడగాల్సిన ప్రశ్నలు

ఇన్‌చార్జి కంటే అక్కడ రోజూ కేజ్‌లు మార్చే అటెండర్‌తో మాట్లాడే అవకాశం దొరికితే వదలకండి. "ఆదివారం, పండగ రోజు ఎవరొస్తారు?" అని అడగండి. "కరెంటు పోతే ఏసీ ఎంతసేపటికి మళ్ళీ వస్తుంది?" అనండి. పెద్ద ప్రశ్నలకు తయారుగా పెట్టుకున్న జవాబులుంటాయి, ఇలాంటివాటికి ఉండవు.

శాస్త్రవేత్తలను అడగాల్సింది వేరు. ఈ పని జంతువు లేకుండా కణజాలంతో ఎందుకు చేయలేరు? ఎన్ని జంతువులు కావాలో ఎలా లెక్కవేశారు? నొప్పి తగ్గించడానికి ఏం చేస్తున్నారు? ఈ మూడూ 1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన సూత్రాలు, రీప్లేస్‌మెంట్, రిడక్షన్, రిఫైన్‌మెంట్ అన్న ఇంగ్లిష్ పేర్లను బట్టి ప్రపంచమంతా మూడు ఆర్‌లు అంటారు. మన దేశపు మార్గదర్శకాలు నాలుగోది కలిపాయి. ప్రయోగం అయిపోయిన పెద్ద జంతువులకు పునరావాసం, అంటే రీహాబిలిటేషన్.

చిన్న జంతువుల విషయం కూడా అడగండి. "పని అయ్యాక వీటిని ఏం చేస్తారు?" చాలావాటిని చంపేస్తారు. ల్యాబ్ భాషలో శాక్రిఫైస్ అంటారు, ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు అదోలా అనిపించింది. ఎలా చంపుతారో, ఎవరికి ఆ శిక్షణ ఉందో అడగడం తప్పు కాదు. మీతో వచ్చేవాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. తట్టుకోలేమన్నవాళ్ళను బలవంతంగా తీసుకెళ్ళకండి.

తలుపు తెరవకపోతే కాగితం తెరిపించండి

అసలు తెలుసుకోవాల్సింది చాలావరకు గదుల్లో ఉండదు, రిజిస్టర్లలో ఉంటుంది. ప్రభుత్వ సంస్థ అయితే 2005 సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉంది. కేంద్ర సంస్థలకు పది రూపాయల ఫీజు, ఆన్‌లైన్ పోర్టల్లోనే వేయొచ్చు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రికార్డులు కాపీ కావాలంటే పేజీకి రెండు రూపాయలు. అక్కడికి వెళ్ళి చూస్తామంటే మొదటి గంట ఉచితం, ఆపైన గంటకు ఐదు రూపాయలు.

"మీరు జంతువులను ఎందుకు హింసిస్తున్నారు?" అని రాస్తే జవాబు రాదు. ఆర్టీఐ, అంటే ఈ చట్టం, కింద వాళ్ళ దగ్గర ఉన్న సమాచారం అడగాలి, సంజాయిషీ కాదు. రిజిస్ట్రేషన్ నంబరు, దాని గడువు, గత మూడేళ్ళలో ఏ జాతివి ఎన్ని వాడారు, ఐఏఈసీ సమావేశాల మినిట్స్ అడగండి. వాడిన జంతువుల లెక్క, ప్రయోగాల వివరం ఫారం డిలో రాయాలని 1998 నాటి నిబంధనలు చెబుతున్నాయి, ఆ ఫారం పేరు పెట్టే అడగండి. కంపెనీల కోసం చేసే పరీక్షల వివరాలు వాణిజ్య రహస్యమని ఆ చట్టంలోని సెక్షన్ 8(1)(డి) కింద ఆపేయొచ్చు. మొత్తం ఆపితే, రహస్యం కాని భాగం విడదీసి ఇమ్మని ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. ప్రైవేటు యూనివర్సిటీలకు ఈ దారి సాధారణంగా పనిచేయదు.

లోపల నిజంగా తేడాగా ఏదైనా కనిపిస్తే దొంగచాటుగా వీడియో తీయకండి. మీ తర్వాత వచ్చేవాళ్ళకు తలుపు మూసుకుపోతుంది, విషయం కూడా కేసుగా మారి పక్కదారి పడుతుంది. గది నంబరు, కార్డు మీది వివరాలు, తేదీ, సమయం గుర్తుపెట్టుకుని బయటకు రాగానే రాసుకోండి. అక్కడి వెటర్నరీ డాక్టరుకు, తర్వాత ఐఏఈసీ చైర్మన్‌కు రాయండి, కదలిక లేకపోతే ఢిల్లీ కమిటీకి. ఏ సంస్థనైనా తనిఖీ చేయించే అధికారం చట్టం ఆ కమిటీకి ఇచ్చింది.

విదేశాల్లో ఉన్న పిల్లలకు

బ్రిటన్‌లో చదువుతుంటే మీ పని చాలా తేలిక. 2014లో అక్కడి విశ్వవిద్యాలయాలు, సంస్థలు కలిసి జంతు పరిశోధన గురించి దాచకుండా మాట్లాడతామని ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఆక్స్‌ఫర్డ్, బ్రిస్టల్ విశ్వవిద్యాలయాల జంతుశాలలను ఇంట్లో కూర్చునే 360 డిగ్రీల టూర్‌లో చూడొచ్చు. ఇక్కడున్నవాళ్ళు కూడా వెళ్ళేముందు అది ఒకసారి చూస్తే లోపల ఏం చూడాలో కన్ను అలవాటు పడుతుంది. అమెరికాలో ప్రభుత్వ తనిఖీ రిపోర్టులు బయటపెడతారు. కాకపోతే పరిశోధనకోసం పెంచిన ఎలుకలు, చిట్టెలుకలు అక్కడి జంతు సంక్షేమ చట్టం కిందికే రావు, కాబట్టి ఆ రిపోర్టుల్లో వాటి లెక్క వెతకకండి.

ఒక్కసారి చూడటం చాలదనుకుంటే

ఐఏఈసీ అన్నాను కదా. అందులో సంస్థవాళ్ళతో పాటు బయటివాళ్ళూ ఉండాలి. బయటి శాస్త్రవేత్త, కేంద్ర కమిటీ నామినీతో పాటు, శాస్త్రవేత్త కాని, సామాజిక స్పృహ ఉన్న ఒక వ్యక్తి. ఈ చివరి కుర్చీ గురించి చాలామందికి తెలియదు. టీచర్లు, లాయర్లు, జంతు సంక్షేమంలో పనిచేసేవాళ్ళు అందులో కూర్చోవచ్చు. బయటి సభ్యులను పెట్టేది సంస్థ కాదు, కేంద్ర కమిటీయే, కాబట్టి మీ బయోడేటా పంపాల్సింది అక్కడికి. ఎంపికైతే ప్రతి ప్రయోగం ప్రతిపాదనా మీ చేతికి వస్తుంది, ఎనిమల్ హౌస్ తనిఖీకి మీరూ వెళతారు. ఫైళ్ళు ఇంగ్లిష్‌లో, దళసరిగా ఉంటాయి. మొదటి మీటింగులో సగం అర్థం కాదు. అర్థం కాని చోటల్లా "ఇది మామూలు మాటల్లో చెప్పండి" అని ఆపండి, ఆ కుర్చీ పెట్టింది అందుకే.